ఒత్తు లేని భయం

తలుపు పైన చిన్న ఎర్రదీపం వెలుగుతోంది, అంటే బయటివాళ్ళు లోపలికి రాకూడదని, లోపల ఉన్నది నా కూతురు. పదకొండు గంటలకు నన్ను పిలుస్తారు. ఇప్పుడు పది దాటి పది నిమిషాలు. పిలిచాక నేను చేయవలసిన పని చాలా చిన్నది, డాక్టరమ్మ నిన్ననే చేసి చూపించింది. బల్ల మీద ఉన్న మెత్తటి మాస్కు తీసుకుని, నా కూతురి ముక్కూ నోరూ కప్పేలా మెల్లగా ఆనించి, పది లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి, అంతే. ఇవాళ పది, రేపు ఇరవై, వారం తిరిగేసరికి రెండు నిమిషాలు, ఆ తరువాత ఆపరేషను. "ఎవరు పట్టుకున్నా బిగుసుకుపోతోందమ్మా. మీ చెయ్యి అయితే భయపడనని తనే చెప్పింది" అన్నది డాక్టరమ్మ సంతోషంగా, దారి దొరికినందుకు. ఆ మాట విన్నప్పటి నుంచి నా కుడిచెయ్యి ఎవరిదో అయినట్టు ఒడిలో పడి ఉంది. రాత్రి అన్నం కలపడానికి కూడా దాన్ని బతిమాలుకోవలసి వచ్చింది.

మెడలో గడ్డ. మెడలో గొలుసు బిగుతైందమ్మా అని నా కూతురు అంటే లావెక్కావులే అని నవ్వాను. తరువాత మింగడం కష్టమైంది, పడుకుంటే ఊపిరి ఈల వేసేది. గడ్డ గాలిగొట్టాన్ని నొక్కుతోంది, ఎక్కువ రోజులు ఆగకూడదు అన్నాడు కోతడాక్టరు. పోయిన నెల ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళారు. మత్తుకు ముందు మాస్కు పెట్టారట. ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడని నా కూతురు, బస్సులో కాలు తొక్కినవాడికి తనే క్షమాపణ చెప్పే మనిషి, ఆ మాస్కు పీకి పారేసి, నర్సు చెయ్యి రక్తం వచ్చేలా గీరి, బల్ల మీద నుంచి దూకి గోడకు అంటుకుని నిలబడిందట. అరవలేదట. అదే నర్సుకి వింత. "అంత గింజుకుంది కదా, గొంతులోంచి చిన్న చప్పుడు కూడా రాలేదండీ" అని నాకు చెప్పింది, కట్టు కట్టిన చెయ్యి చూపిస్తూ. నాకు వింత కాలేదు. ఆ తరువాతే మమ్మల్ని భయం పోగొట్టే ఈ డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

పక్కన కూర్చున్నావిడ ఉలిక్కిపడి "అమ్మో, మీరెప్పుడొచ్చారండీ" అంటోంది. నేను వచ్చి అరగంటైంది. మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి తీసి మళ్ళీ పెట్టాను కూడా. ఆవిడకు వినపడలేదు, ఎవరికీ వినపడదు. గ్లాసు అడుగున చిటికెనవేలు ముందు ఆనించి, తరువాత వేలు లాగేస్తే చప్పుడు రాదు. కుర్చీ జరిపితే ఎత్తి జరుపుతాను. తలుపు గడియ బొటనవేలి గోరుతో నడిపిస్తాను. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళైంది, ఇంట్లో ఇప్పుడు పగలు పడుకునేవాళ్ళు ఎవరూ లేరు, అయినా నా చేతులకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. "పిల్లిలా ఉన్నారే, మా ఆయన అయితే పక్కవీధిలో చెప్పులు విప్పినా నాకు తెలుస్తుంది" అని ఆవిడ నవ్వుతోంది. ఆవిడ భర్త మూడో గదిలో ఉన్నాడట, నిద్రపట్టడం లేదట. "నేను గురకపెడతానని ఆయనకు జబ్బు. జబ్బు ఆయనకు, తిట్లు నాకు" అంటోంది. నేను కూడా నవ్వాను. నా నవ్వు కూడా వినపడదు.

తలలో ఎక్కడో లోపల బాదంపప్పంత భాగం ఒకటి ఉందట. డాక్టరమ్మ చేతులు తిప్పుతూ చెప్పింది, నా కూతురి కంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది, చెబుతుంటే బళ్ళో పాఠంలా ఉండదు, వంటింట్లో కబురులా ఉంటుంది. ప్రమాదం పసిగట్టడం దాని పనట. పిల్లకు మాటలు రాకముందే అది నేర్చుకుంటుందట, ఏ వాసన, ఏ వెలుతురు, ఒంటి మీద ఏ బరువు, అన్నీ కలిపి మూట కట్టి దాచుకుంటుందట. రోజూ అదే జరుగుతుంటే దాని దారి గట్టిపడిపోతుంది, ఆలోచించే భాగానికి కబురు అందేలోపే ఒళ్ళంతటినీ లేపి నిలబెడుతుంది. "నర్సుని గీరింది మీ అమ్మాయి కాదమ్మా, ఆ లోపల ఉన్న రెండేళ్ళ పిల్ల" అన్నది. నాకు దుప్పట్లు గుర్తొచ్చాయి. ముప్పై ఏళ్ళు ఒక హోటల్ వెనక గదిలో దుప్పట్లు ఉతికి మడత పెట్టాను. మడత పడినచోటు బట్టకు గుర్తుంటుంది. విప్పి, నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె ఎంత నొక్కి రుద్దినా సన్నటి గీత ఉండిపోతుంది, మళ్ళీ మడవబోతే దుప్పటి తనంతట తనే అక్కడ వంగుతుంది. "ఆ మడత పోదా డాక్టరమ్మా" అని అడిగాను. "పోదు. పక్కన కొత్త మడత వేయొచ్చు. కానీ పాతది ఎక్కడ పడిందో సరిగ్గా తెలియాలి, లేకపోతే దాని మీదే మళ్ళీ వేస్తాం" అన్నది. అని, నా కూతురి వైపు తిరిగి, చిన్నప్పుడు ఎవరైనా మీ నోరు మూసేవారా అని అడిగింది. "మా నాన్న" అన్నది నా కూతురు. అనుమానం లేకుండా అన్నది, తన పేరు చెప్పినంత తేలిగ్గా. డాక్టరమ్మ రాసుకుంది. నేను పక్కనే ఉన్నాను, గోడ మీద స్విచ్చులు లెక్కపెట్టాను. ఆరు.

ఆయన కాదు. నేను. దాని నోరు మూసిన చెయ్యి ఇదే, ఈ ఒళ్ళో ఉన్నదే. ఇంకో నలభై నిమిషాల్లో మళ్ళీ ఆ నోరే మూయమంటున్నారు. మూస్తే ఆ రెండేళ్ళ పిల్ల గుర్తుపడుతుందా, పట్టదా. పడితే రేపటి నుంచి ఎవరి చేతినీ నమ్మదు, మాస్కు పెట్టించుకోదు, గడ్డ ఆగదు. పట్టకపోతే నేను బతికిపోతాను, దాని కళ్ళలో అమ్మలాగే ఉండిపోతాను, ఆయన చచ్చి కూడా నా నింద మోస్తూ ఉంటాడు. మూయకముందే చెప్పేస్తే, చెప్పేస్తే ఏమవుతుందో అక్కడి దాకా నా ఆలోచన వెళ్ళదు, తలుపు కింద గుడ్డ కుక్కి ఆపినట్టు ఆగిపోతుంది.

ఆయన నూలుమిల్లులో రాత్రి పాళీ. తొమ్మిదింటికి వెళితే పొద్దున ఆరింటి కూతకు వచ్చేవాడు, రెప్పల మీద కూడా దూది నూగు ఉండేది. రాత్రంతా యంత్రాల హోరులో నిలబడి వచ్చిన మనిషికి చెవుల్లో హోరు ఆగదట, దాని మీద ఇంకో చిన్న చప్పుడు పడితే సూది గుచ్చినట్టు ఉండేదట. మాకున్నది ఒకే గది. అందులోనే పొయ్యి, అందులోనే మంచం, అందులోనే పిల్ల. కిటికీకి గొంగడి కొట్టేదాన్ని, మధ్యాహ్నం మూడింటి దాకా గదిలో పొద్దు ఉండేది కాదు. పిల్ల పుట్టాక మొదటి సంవత్సరం ఎలాగో గడిచింది. ఎనిమిదో నెల నుంచే అదొక భాష మాట్లాడేది, ఎవరికీ అర్థం కాదు, ఆపదు. పక్కింటి కుట్టుమిషను పిన్ని దానికి వాగుడుకాయ అని పేరు పెట్టింది. ఒకరోజు అది గిన్నె మూత నేల మీద దొర్లించింది. మూత గుండ్రంగా తిరిగి తిరిగి గలగలమని పడింది, దానికి అది ఎంత నచ్చిందో, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన లేచాడు. నిద్రలోనే లేచాడు, కళ్ళు తెరిచి ఉన్నాయి కానీ వాటిలో ఆయన లేడు. చేతికందిన పీట విసిరాడు. పీట పిల్ల తలకు జానెడు పైన గోడకు తగిలి పెచ్చు రాలింది. పెచ్చు దాని జుట్టులో పడింది. అది ఇంకా నవ్వుతూనే ఉంది, దానికి అదీ ఆటే. ఆయన పీటని చూసి, గోడని చూసి, కూలబడి "నేను పిల్లని చూడలేదే, నిజంగా చూడలేదే" అని నా పాదాలు పట్టుకున్నాడు. ఆ మనిషి జీవితంలో పిల్ల మీద చెయ్యి వేయలేదు. అంతకు ముందూ లేదు, తరువాతా లేదు. కానీ ఆ జానెడు ఖాళీ నా తలలోకి ఎక్కింది. బాదంపప్పు నాకూ ఉంటుంది కదా. దాని మొహంలో నవ్వు మొదలయ్యేలోపు, ఏడుపుకి పెదవి వంకర తిరిగేలోపు, నా చెయ్యి వెళ్ళి దాని నోటి మీద ఉండేది. నేను పంపేదాన్ని కాదు, అదే వెళ్ళేది.

రోజుకి ఎన్నిసార్లు అని ఎవరైనా అడిగితే ఏం చెబుతాను. వాకిట్లో కుళాయి దగ్గర నాలుగిళ్ళ బట్టలు ఉతుకుతూ ఉండేదాన్ని, మంచం మీద ఆయన కదిలితే తడిచేతులతోనే లోపలికి పరిగెత్తి దాన్ని పట్టుకునేదాన్ని. అరచేతిలో దాని ఊపిరి వేడిగా కొట్టుకునేది, పిట్టని గుప్పిట్లో పట్టినట్టు. ఒకసారి ఆయన చాలాసేపు అటూ ఇటూ దొర్లాడు, నేను చెయ్యి తీయలేదు. తీసి చూస్తే పెదవులు నల్లబడి ఉన్నాయి. నీళ్ళు చల్లాను, వీపు నిమిరాను, ఊపిరి తీసుకుంది. ఏడవలేదు. అదే మొదలు, ఆ తరువాత చెయ్యి వేయవలసిన అవసరం తగ్గిపోయింది. నేను చెయ్యి కాస్త ఎత్తితే చాలు, తనే మూసుకునేది. కుట్టుమిషను పిన్ని వాకిట్లో ఆపి "మీ వాగుడుకాయ ఏమైందే, ఎండిపోయిందా" అని అడిగింది. "దానికి బుద్ధి వచ్చింది పిన్నీ" అన్నాను. గర్వంగానే అన్నాను. పిన్ని నా వంక కాదు, పిల్ల వంక చూసింది చాలాసేపు.

ఆయన అప్పుడప్పుడు మిల్లు నుంచి రంగు నూలు పోగులు పుల్లకి చుట్టి తెచ్చేవాడు, దానికి ఆడుకోవడానికి. అది తీసుకునేది కాదు, నా వెనక్కి వచ్చి నిలబడేది. "ఇది నన్ను చూస్తే ఎందుకే అలా కొయ్యబారిపోతుంది, నేనేం చేశాను" అని ఒకసారి అడిగాడు. ఆయన మంచం మీద కదిలినప్పుడల్లా దాని ఊపిరి ఆగేది కాబట్టి. మంచం చప్పుడూ, ఊపిరాడకపోవడమూ దాని తలలో ఒకే మూటలో ఉండేవి కాబట్టి. అప్పుడు నాకు ఇలా చెప్పడం రాదు, కానీ తెలుసు. తెలిసి కూడా "పిల్లలు అంతేలే, పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది" అన్నాను. ఆ పుల్లలు పొయ్యిలో పెట్టాను.

పది ముప్పై అయిదు. గురకావిడ భర్తని చూడడం అయిపోయింది, గదిలోంచి వస్తూ వస్తూనే ఆయన "ఏమిటే, ఎవరినో కూర్చోబెట్టి వాయిస్తున్నావు" అంటున్నాడు, "వినేవాళ్ళు దొరికారులెండి ఇన్నాళ్ళకి" అని ఈవిడ లేచింది. ఇద్దరూ పోట్లాడుకుంటూ నడవా చివరికి వెళుతున్నారు, ఎంత గట్టిగా మాట్లాడుకుంటున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.

మా ఆయన చనిపోయిన ఏడాది నా కూతురు నాతో కూర్చుని బట్టలు మడత పెడుతూ ఉంది. ఉన్నట్టుండి అన్నది, "అమ్మా, నాన్న నా నోరు మూసేవాడు కదా. ఆ చెయ్యి గుర్తుంది నాకు, మొహం గుర్తులేదు. సబ్బు వాసన వచ్చేది. స్నానం చేసి పడుకునేవాడు కదా, అందుకేమో." చేతిలో ఉన్న దుప్పటి అంచులు కలుపుతూ నేను "ఊఁ" అన్నాను. అంతే అన్నాను. అబద్ధం చెప్పాలంటే నాలుగు మాటలైనా కావాలనుకుంటాం, ఒక్క అక్షరం చాలు, అది అక్షరం కూడా కాదు, ముక్కులోంచి వచ్చే గాలి. ఆ రోజు నుంచి అది నన్ను ఇంకా ఎక్కువ చూసుకుంది. ఇద్దరం కలిసి ఆయన నుంచి బయటపడ్డామని దాని లెక్క. పెళ్ళి వద్దంది, మనిద్దరం చాలులే అంది. అచ్చాపీసులో ప్రూఫులు దిద్దే పని దానిది, నోరు విప్పక్కర్లేని పని, రోజంతా ఎర్రకలంతో కాగితాల మీద తప్పులు ఏరుతుంది. నాకు యాభై ఏడేళ్ళప్పుడు ఆ చిత్తుకాగితాల వెనకవైపే అక్షరాలు దిద్దించింది. అ నుంచి మొదలుపెట్టి ఒక చలికాలమంతా. నాకు అన్నీ వచ్చాయి కానీ ఒత్తులు నిలవవు. బ కింద ఆ చిన్న గీత పెట్టడం మరిచిపోతాను, ద కిందా అంతే. "ఒత్తులన్నీ ఎక్కడికి పోతున్నాయే అమ్మా, మింగేస్తున్నావా" అనేది. "అక్కడ కాస్త ఒత్తి పలకాలి. ఒత్తకపోతే అది వేరే అక్షరం." నా చెయ్యి ఒత్తకూడని చోట ఒత్తింది, ఒత్తమన్నచోట ఒత్తడం దానికి చేతకాలేదు. అప్పుడు నవ్వుకున్నాం. అది నవ్వితే భుజాలు మాత్రం కదులుతాయి.

సంచీలో కాగితం ఉంది, పెన్సిలు ఉంది. నోటితో చెప్పలేనని నాకు తెలుసు, చెప్పబోతే మళ్ళీ ఊఁ వస్తుంది. రాయడం మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం పెట్టి, తల ఎత్తి దీపం చూసి, మళ్ళీ ఇంకొకటి. నాకు చాలా బయం వేసేది. ఇది రాయడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఇది ముందెందుకు రాశాను, నన్ను నేను కాపాడుకోవడానికేగా, చెరిపేద్దామనుకున్నాను, వెనక రబ్బరు అరిగిపోయింది. ఉండనీ. నీ నోరు మూసింది మీ నాన్న కాదు నేను. ఇది తొందరగా వచ్చింది, చెయ్యి ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నట్టు. ఒకసారి నీ ఊపిరి పోబోయింది. ఇక్కడ ఆగిపోయాను. తరువాత ఏం రాయాలి. క్షమించు అని రాయాలంటే ఆ మొదటి అక్షరం నాకు ఎప్పుడూ సరిగ్గా రాదు. అయినా అది రాస్తే దానికి ఒక పని చెప్పినట్టు అవుతుంది. రాయలేదు. ఎర్రదీపం ఆరిపోయింది.

"రండమ్మా" అన్నది డాక్టరమ్మ. గదిలో కిటికీ తెరిచి ఉంది, నా కూతురు కుర్చీలో వెనక్కి ఆనుకుని ఉంది, నలభై నాలుగేళ్ళ మనిషి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది, మెడలో గడ్డ పైకి కనిపిస్తోంది. నన్ను చూసి దాని భుజాలు కిందికి దిగాయి, నేను వచ్చానని. "పదే కదమ్మా, గబగబా లెక్కపెట్టకు, నీకు ఏడు తరువాత తొమ్మిది వచ్చేస్తుంది" అన్నది. డాక్టరమ్మ నవ్వి మాస్కు నాకు అందించింది. నేను తీసుకోలేదు. కాగితం నా కూతురి చేతిలో పెట్టాను. "ఏంటిది, ప్రేమలేఖా" అంటూ విప్పింది. చదివేముందే దాని చెయ్యి అలవాటుగా సంచీలోకి వెళ్ళి ఎర్రకలం తీసింది. పెదవి చివర నవ్వుతో "మళ్ళీ మింగేశావు ఒత్తు" అని, బ కింద చిన్న గీత పెట్టింది. కలం పక్క వరసకు జరిగింది. ఒక మాట మీదుగా నడిచింది, ఇంకో మాట మీదుగా నడిచింది, ఆగింది. ఆగినచోట కలం పైకి లేవలేదు, కాగితం మీద ఎర్రచుక్క పడి మెల్లగా పెరిగింది. నేను దాని తలనే చూస్తున్నాను, పాపిట చూస్తున్నాను. తల ఎత్తకుండానే అడిగింది.

"సబ్బు?"

"బట్టల సబ్బు" అన్నాను. "నా చేతిదే."

"నాన్న?"

"నీ మీద చెయ్యి వేయలేదు. ఒక్కసారి కూడా వేయలేదు."

"చివరి రోజుల్లో కూడా నేనాయన్ని చూడ్డానికి ఆస్పత్రికి రాలేదు" అన్నది. నాతో అనలేదు, కాగితంతో అన్నది. నేను దగ్గరికి వెళ్ళి దాని భుజం మీద చెయ్యి వేయబోయాను. చెయ్యి ఇంకా దారిలో ఉండగానే దాని మెడ వెనక్కి పోయింది, గడ్డతో సహా, పెదవులు లోపలికి ముడుచుకుపోయాయి. అది తనే గమనించింది. నా చేతిని చూసింది, నా మొహం కాదు, అరచేతిని, వేళ్ళని, చాలా జాగ్రత్తగా, అచ్చులో తప్పు దొరికినప్పుడు చూసినట్టు. డాక్టరమ్మ మాస్కుని తీసుకెళ్ళి బల్ల సొరుగులో పెట్టేసింది. అప్పుడు నా కూతురు అన్నది, చాలా మర్యాదగా.

"మీరు కాసేపు బయట కూర్చోండి."

డాక్టరమ్మతో అందేమోనని అటు చూశాను. డాక్టరమ్మ నన్ను చూస్తోంది. మాటలు వచ్చినప్పటి నుంచి నేను దానికి నువ్వే. జ్వరంలో నువ్వు, కోపంలో నువ్వు, అక్షరాలు నేర్పేటప్పుడు పంతులమ్మలా నువ్వు. మీరు అంటే పరాయివాళ్ళు, బస్సులో కాలు తొక్కినవాళ్ళు. సరేనమ్మా అన్నాను. బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. దీపం మళ్ళీ ఎర్రగా వెలిగింది.

కూర్చోలేదు. తలుపు పక్కనే గోడకు ఆనుకున్నాను. ముందు ఏమీ వినపడలేదు. డాక్టరమ్మ గొంతు ఒకటి రెండు మాటలు, మళ్ళీ ఏమీ లేదు. తరువాత కుర్చీ నేల మీద కీచుమంది. ఆ తరువాత ఒక చప్పుడు మొదలైంది, నాకు అదేమిటో తెలియలేదు, నీళ్ళు రాక రాక కుళాయిలోంచి మొదట గాలి వచ్చినట్టు, ఆగి, మళ్ళీ వచ్చి, చివరికి గొంతు తెగి బయటపడింది. నా కూతురు ఏడుస్తోంది. అంత పెద్ద గొంతు దానికి ఉందని నాకు తెలియదు. నడవా చివర కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఎవరి చేతిలోనో పసిపిల్ల ఉలిక్కిపడింది. గదిగదికీ తిరిగే ఆయా చేతిలో తువ్వాళ్ళ దొంతరతో గబగబా వచ్చింది.

"పెద్దమ్మా, లోపల ఉన్నది మీవాళ్ళేనా? పక్క గదుల్లో డాక్టర్లు రోగుల్ని చూస్తున్నారు, కాస్త మెల్లగా ఏడవమని చెప్పండి" అన్నది. నేను కదలకపోయేసరికి తనే తలుపు పిడి మీదికి చెయ్యి చాపింది.

నేను వెళ్ళి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. చెక్కలోంచి ఆ గొంతు నా వీపులోకి దిగుతోంది.

"ఏడవనివ్వమ్మా" అన్నాను.

"అది కాదు పెద్దమ్మా, మిగతావాళ్ళకి ఇబ్బంది" అంటోంది ఆయా.

నేను పక్కకు జరగలేదు.